మునెప్పకు కాగితం గ్లాసు

ఇంకా ఒళ్లు మండతానే ఉండాది, అందుకే రాస్తున్నాను.

మేము కేజీఎఫ్ బంగారు గనుల పక్కనుండే కోరమండల్ కాలనీ వదిలి కోలారు టౌనుకు కాపురం మార్చి మూడు నెలలయింది. ఈ పొద్దు మొదటిసారి పాత స్నేహితులు మునెప్ప, నారాయణప్ప వచ్చినారు. ముగ్గురం ఒకే షిఫ్టులో గనిలోకి దిగినోళ్లం. నా కొడుకు కాఫీ తెచ్చినాడు. మాకిద్దరికీ స్టీలు లోటాలు, దగ్గుతా ఉన్న మునెప్పకు మాత్రం కాగితం గ్లాసు!

వంటింట్లోకి పిలిచి అడిగితే, "నాయినా, ఆయప్పకు టీబీ ఉన్నట్టుండాది. ఇంట్లో పసిబిడ్డ ఉండాది కదా" అన్నాడు.

"టీబీ కాదురా, అది గనిలో పీల్చిన రాతిదుమ్ము! నువ్వు తిని పెరిగిన అన్నం ఆ దుమ్ములోంచే వచ్చింది. అతిథి దేవుడని శాస్త్రం చెప్తా ఉంటే, దేవునికి కాగితం గ్లాసా?" అని అరిచినాను.

నా అరుపు బయటికి వినిపించిందేమో. నేను స్టీలు లోటాలో వేరే కాఫీ తెచ్చేసరికి, మునెప్ప ఆ గ్లాసు మడిచి జేబులో పెట్టుకుంటా ఉన్నాడు.

"మీవాళ్లు ముట్టే పని లేదులేప్పా, దోవలో నేనే పారేస్తాను" అన్నాడు.

సాయంత్రం గుడిలో నేను చెప్పాల్సిన ప్రవచనానికి పోలేదు. నా ఇంట్లోనే చెల్లని ధర్మం మైకులో ఏ మొగంతో చెప్పేది? మీ ఇంటికి దగ్గే మనిషి వస్తే ఏ గ్లాసు ఇస్తారో, నిజం చెప్పండప్పా.