గోల్ ముందు గళ్ళుప్పు

ముప్పై ఏళ్ళు నిండకుండానే నేను రిటైరయ్యాను. ఎవరూ తీసేయలేదు. నా ఉద్యోగం చేయడానికి సికింద్రాబాద్‌లో ఒకే ఒక్క చోటు ఉండేది, అది మూతపడింది. రిఫ్రిజిరేషన్‌లో డిప్లొమా పూర్తయిన ఏడాది జూన్‌లో, మారేడ్‌పల్లి వైపున్న ఒక మాల్ కింది అంతస్తులోని ఐస్ స్కేటింగ్ రింక్‌లో ఐస్ టెక్నీషియన్‌గా చేరాను. నా పైన ఒక ప్లాంట్ ఇంజనీర్ ఉండేవాడు కానీ ఆయన ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. మిగతా రోజులు మంచు నా పూచీ.

కాంక్రీటులో పాతిన గొట్టాల్లో గడ్డకట్టని చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. దాని మీద నీళ్ళు పలచగా, పొర మీద పొరగా చల్లి మంచు కడతాం. మధ్యలో ఒక పొర మీద రంగుతో గీతలు వేసి, వాటి మీద మళ్ళీ పొరలు వేస్తాం. అంతా కలిపి రెండు వేళ్ళ మందం దాటదు. ఆట అయ్యాక ఒక చిన్న బండితో పైపైన గీసి, వేడినీళ్ళు పరుస్తాం. పాత మంచుకు వేడినీళ్ళే బాగా అతుక్కుంటాయి. మనుషులతో మాట్లాడటం నాకెప్పుడూ కష్టమే. బండి నడిపాక పంపు గదిలో నవల చదువుకోవచ్చు కాబట్టి ఆ పని నచ్చింది.

ఆ ఏడాది జూనియర్ అమ్మాయిల ఐస్ హాకీ లీగ్‌లో మా రింక్‌కూ ఒక జట్టు ఉంది. కోచ్ యాదగిరి సార్ రిటైర్డ్ సుబేదార్, సైనిక్‌పురిలో ఉండేవారు. మంచు కొండల్లో డ్యూటీ చేసేటప్పుడు నేర్చుకున్న ఆట ఆయనది. గోల్‌కీపర్ నిఖిత. ఆ ఏడాది దాటితే వయసు రీత్యా జూనియర్లలో ఆడనివ్వరు, సీనియర్ జట్టు మన ఊళ్ళో లేదు. ఆఖరి లీగ్ మ్యాచ్ మా దగ్గరే. గెలిస్తే ఫైనల్, లేకపోతే నిఖిత ఆట అంతటితో సరి.

నిఖిత తల్లి సుభద్ర గారు ప్రతి ప్రాక్టీసుకూ వచ్చేవారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. చీర మీద స్వెటర్, చెవులకు మఫ్లర్. "ఇంత చలిలో పుస్తకం ఎలా పట్టుకుంటున్నావే అమ్మాయ్, వేళ్ళు కొంకర్లు పోవూ?" అనేవారు. నేను నవ్వి పేజీ తిప్పేదాన్ని. అంతకుముందు మ్యాచ్‌లో నిఖిత ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. ఆ వీడియో కాలనీ అంతా తిరిగింది. ఆవిడకు అప్పటినుంచే బెంగ.

మ్యాచ్ రోజు పొద్దున లైట్లు వేసి చూస్తే గోల్ ముందు గోల్‌కీపర్ నిలబడే నీలం రంగు క్రీజ్ నిండా గుంతలు. వేలు పెడితే చెమ్మ. నాలుకకు తాకించి చూశాను. ఉప్పు. ఒక గుంతలో ఎండుమిరపకాయ తొడిమతో సహా ఉంది.

యాదగిరి సార్ వచ్చి వంగి చూశారు. "ఏందమ్మా గిది? చెదలు పట్టినట్టున్నది."

"ఉప్పు సార్."

"ఈడికి ఉప్పెట్లొచ్చె?"

వెనకనుంచి కెప్టెన్ కావ్య తొంగి చూసింది. "సార్, ఉప్పు, మిర్చి రెండూ ఉన్నయ్. ఇగ మామిడికాయొక్కటే తక్కువ, పచ్చడి పెట్టుకుందాం." అమ్మాయిలు నవ్వారు. నిఖిత నవ్వలేదు. ఆమె వాళ్ళమ్మ వైపు చూస్తోంది.

సుభద్ర గారు నా దగ్గరికి వచ్చారు. "నిన్న ప్రాక్టీసయ్యాక దానికి దిష్టి తీశానమ్మా. తీసిన ఉప్పు నీళ్ళలో కరిగిపోవాలి కదా. మంచూ నీళ్ళే కదా అనుకున్నాను. దాని చోటు అదేనని అక్కడే వేశాను. ఏమైనా పాడైందా?"

పాడైందని చెప్పాను.

ఉప్పు తగిలిన మంచు మీద నీళ్ళు పోస్తే లాభం లేదు. ఉప్పునీరు కిందికి దిగుతూ, పైన కట్టే కొత్త మంచునూ తినేస్తుంది. ఉప్పు ఎంత లోతుకు వెళ్ళిందో అంతా తవ్వి తీయాలి. ఉలితో తవ్వాను. రంగు పొర లేచింది, దాని కింద కూడా ఉప్పగానే ఉంది, ఒకచోట కాంక్రీటు కనిపించింది. బండి గీసిన మంచుపొడి తెచ్చి గుంతల్లో కూరి, నీళ్ళు చిలకరించి, చెక్కతో చదును చేశాను. యాదగిరి సార్ కూడా మోకాళ్ళ మీద కూర్చుని కూరారు. అది జూలై. గాలి నిండా తడి. గొట్టాల్లో ద్రవాన్ని చల్లబరిచే రెండు కంప్రెసర్లలో ఒకటి పనిచేయక వారాలైంది, యజమాని బాగు చేయించలేదు. ఉన్న ఒక్కదాన్నీ ఎంత తిప్పగలనో అంతా తిప్పాను. అది మూలుగుతూనే ఉంది, మంచు మాత్రం బిగుసుకోలేదు. గోల్ పక్కకు జరుపుదామని సార్ అన్నారు కానీ, గీతలు మంచు లోపల ఉంటాయి. గోల్ జరిగినా అవి జరగవు.

రిఫరీ వచ్చి స్కేట్ మడమతో నొక్కి చూశాడు. నీళ్ళు పైకి వచ్చాయి. మళ్ళీ ఇంకోచోట నొక్కాడు. అక్కడా అంతే.

"కాలు ఇరుక్కుంటే చీలమండ విరుగుతుంది సార్. ఆడించలేను."

"సాయంత్రం దాకా జెర ఆగుదాం సార్," అన్నారు యాదగిరి సార్. జీవితంలో ఎవరినీ బతిమాలినట్టు లేదు, ఆ మాట సరిగా పలకలేకపోయారు. అవతలి జట్టుకు సాయంత్రమే రైలు. మంచు సిద్ధంగా ఉంచే బాధ్యత ఆతిథ్య జట్టుది కాబట్టి, రూలు ప్రకారం మ్యాచ్ వాళ్ళు గెలిచినట్టు రాసుకున్నారు. వాళ్ళ కోచ్ వచ్చి నిఖిత చేయి పట్టుకుని, మీతో ఆడదామనే వచ్చామని అంది.

నిఖిత ప్యాడ్లు కట్టుకుని, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. సుభద్ర గారు ఆమె ముందు నేల మీద కూర్చుని ప్యాడ్ల బెల్టులు విప్పసాగారు. అవి ఒక పట్టాన ఊడిరావడం లేదు.

"నా వల్లేనా అమ్మాయ్?" అని తలెత్తకుండా నన్ను అడిగారు.

కంప్రెసర్ సరిగా లేదని చెప్పాను. అదీ నిజమే. ఆవిడ నమ్మలేదు.

"లే అమ్మా, కింద చలిగా ఉంది," అంది నిఖిత. ఆ రోజు ఆమె నోటివెంట నేను విన్నది ఆ ఒక్క మాటే. తర్వాత ఆమె రింక్‌కు రాలేదు. సీజన్ ముగిశాక రింక్ మూసేశారు. కరెంటు ఖర్చు కారణమన్నారు. గొట్టాల్లో ద్రవం తిప్పడం ఆపేసి, కరిగిన నీళ్ళు కాలువలోకి తోసింది నేనే.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది చెప్పమంటే ఇదే చెప్తాను. ఉప్పు తగిలిన మంచుకు మరమ్మతు లేదు, తవ్వి తీసి మొదటినుంచి కట్టాలి. దానికి కావలసింది నేర్పు కాదు, ఒక రోజు గడువు. ఆ రోజు మాకు లేదు.