వన్ బై టూ బావ

మా బావకి, అంటే మా అక్క మొగుడికి, 'వన్ బై టూ' చెప్పందే కాఫీ గొంతు దిగేది కాదు. తెనాలి బస్టాండులో అంటిన ఆ అలవాటు సింగపూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దాకా వెంటబడి వచ్చింది. కంప్యూటర్ వాళ్లకు పెళ్లిసంబంధాలు ఎగబడి వస్తున్న రోజులవి. ఎనిమిదితో బడికి దండం పెట్టేసి, సైకిల్ షాపు నడుపుకుంటున్న నేను చుట్టపుచూపుగా వెళ్లాను.

వాళ్ల ఆఫీసున్న సైన్స్ పార్క్ దగ్గర ఇటలీవాళ్ల కేకుల కొట్టుకి తీసుకెళ్లాడు బావ. అక్కడ కాఫీ నిలబడే తాగుతారట. ఉగ్గుగిన్నెంత కప్పులో నల్లగా రెండు గుటకలు పోసిచ్చారు. బావ ఇంకో ఖాళీ కప్పు అడిగి పుచ్చుకున్నాడు.

"బావా, ఇదేమన్నా పంచుకునే కాఫీయా? చెవిలో వేసుకునే చుక్కల మందులా ఉంటేనూ!"

"నోరు మూసుకుని తాగరా."

అంతలో వాళ్ల ఆఫీసు పెద్దాయన లోపలికొచ్చాడు. నా రబ్బరు చెప్పులు, నాకు రాని ఇంగ్లీషు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. బావ పరువు పోకూడదని, ఎవరో పరాయివాడిలా పక్కకి జరిగి, అద్దాల వెనక కేకులు చూస్తూ నిలబడ్డాను.

బావ రెండు కప్పులూ పట్టుకుని, పెద్దాయన్ని వెంటబెట్టుకుని నా దగ్గరికే వచ్చేశాడు.

"మై వైఫ్స్ బ్రదర్. సైకిల్ షాప్ ఓనర్," అన్నాడు గర్వంగా.

పెద్దాయన చెయ్యి చాపాడు. గోళ్లలో గ్రీజున్న నా చెయ్యి జేబులోంచి రానంటోంది.

"చెయ్యి తియ్యరా," అన్నాడు బావ. "నీ సగం చల్లారిపోతోంది."