అడిగితేనే చెప్పాలి

వైద్య కళాశాల పిల్లలు ఆమెను కడుపునొప్పి ఆంటీ అంటారు. పదకొండేళ్లుగా ఆమె అక్కడ ఉత్తుత్తి రోగి. పరీక్షనాడు మంచం మీద పడుకొని, పొట్ట పట్టుకొని, వచ్చిన ప్రతి విద్యార్థికీ ఒకే నొప్పిని ఒకేలా చెప్పాలి. వాళ్లు వెళ్లాక మార్కులు వేయాలి. అంతకుముందు ఇంట్లో కుట్టుమిషన్ తొక్కేది. "మూలిగితే జీతమిస్తారటగా, అదృష్టమంటే నీదే వదినా" అని ఆడపడుచు ఎత్తిపొడుస్తుంటుంది. ఇరవయ్యో మూలుగు కూడా మొదటిదానిలాగే ఉండాలంటే ఎంత కష్టమో మూలిగేవాళ్లకే తెలుసు.

ఆ పనిలో నియమం ఒకటే, అడిగితేనే చెప్పాలి. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతను ఆమె అక్షరాలా పాటించేది. విరేచనం నల్లగా అవుతోందన్న మాట ఆమె లోపల దాచుకోవాలి. కడుపులో పుండుపడి నెత్తురు కారుతోందనడానికి అదే గుర్తు. "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగినవాళ్లకే అది దక్కుతుంది. అడగకపోతే సున్నా, ఆ సున్నాతో పరీక్ష తప్పినట్టే. ఎవరు బతిమాలినా ఆమె చెరిపేది కాదు.

ఆమె భర్త ఆ జబ్బుతోనే పోయాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరు డాక్టర్లకు చూపించినా ఒక్కరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ కోపంతోనే ఈ పనిలో చేరానని అందరితో అనేది.

ఆ రోజు ఆఖరున వచ్చింది కిందటిసారి తప్పిన అమ్మాయి. ఈసారీ తప్పితే ఏడాది పోతుంది. పొట్ట మెత్తగా నొక్కి చూసింది, అన్నీ వరసగా అడిగింది, ఆ ఒక్కటి తప్ప. గంట మోగింది. ఇక ఏం అడిగినా మార్కు లేదు, జవాబూ చెప్పకూడదు. అమ్మాయి తలుపు దాకా వెళ్లి, గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగింది.

"ఇంకేమైనా చెప్పాలా అమ్మా?"

ఆమె అప్పటికే సున్నా వేసేసింది. తలెత్తి చూసింది. రోజూ పొద్దున్నే ఆయనా అలాగే గుమ్మంలో నిలబడేవాడు.

"చెప్పాలమ్మా," అంది. "మా ఆయనకి నల్లగా అయ్యేదట. ఆఖర్న ఆసుపత్రిలో చెప్పాడు. అది చెబుదామనే రోజూ గుమ్మం దగ్గర ఆగేవాడు. ఏంటండీ అని నేను ఒక్కసారైనా అడగలేదు. తల వంచుకుని మిషన్ తొక్కుతూనే ఉన్నాను."

పదకొండేళ్లలో కళాశాలవాళ్లు రాసివ్వని మాట ఆమె ఆ గదిలో ఆడటం అదే మొదలు. "నీకు సున్నా వేశానమ్మా," అంది.

"తెలుసమ్మా." అమ్మాయి తలుపు దగ్గరికి వేసి వచ్చి, స్టూలు మంచం పక్కకు లాక్కుని కూర్చుంది. "ఆసుపత్రిలో ఇంకేం చెప్పారు ఆయన?"