ఫోనే నేర్పిందని చెప్పాను

ఏడేళ్లుగా ఒక అబద్ధం నా దగ్గర ఉంది. పెద్దదేమీ కాదు, నాలుగు మాటలు. కానీ మార్కెట్ యార్డులో నేను మోసిన ఏ టమోటా క్రేటూ అంత బరువు లేదు. క్రేటునైతే లారీ దగ్గర దింపేస్తాం. దీన్ని దింపే చోటు నాకు ఇంతవరకు దొరకలేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పబోతే నా నోరు ఇంకో మాట అందుకుంటుంది. పేరు రాయను. మదనపల్లె టమోటా మార్కెట్లో ముప్పై ఏళ్లు కాయలు ఏరినదాన్ని. నలభై ఎనిమిదో ఏట చదవడం, రాయడం వచ్చినదాన్ని. అంతవరకు తెలిస్తే చాలు. ఇందులో అక్షరం తప్పు పడితే ఆ తప్పు నాది, నాకు నేర్పినామెది కాదు.

ఆమె గురించే ఇదంతా.

ఆమె పేరు రెడ్డెమ్మ. పుంగనూరు మనిషి. నాకంటే ఆరేళ్లు పెద్ద కాబట్టి అక్కా అనేదాన్ని. ఏడో తరగతి వరకు చదివింది. ఇద్దరం ఒకే మండీలో, అంటే ఒకే వేలం షెడ్డులో, పని చేసేవాళ్లం. ఆ పొద్దులు ఇప్పటికీ కళ్లలో ఉన్నాయి. చలికాలం బస్సు దిగేసరికి యార్డంతా మంచు కమ్మి, లారీల దీపాలు మాత్రం పసుపు ముద్దల్లా కనిపించేవి. కొంగులో చేతులు దాచుకుని షెడ్డుకు పరిగెత్తేవాళ్లం. క్రేటు బోర్లించగానే కాయల చల్లదనం వేళ్లకు జివ్వుమని ఎక్కేది. పచ్చిది ఒక పక్క, దోరది ఒక పక్క, దెబ్బ తగిలింది ఇంకో పక్క. చూడక్కర్లేదు, వేళ్లకే తెలిసేది. వేళ్లకు అంత తెలివి ఉండి, తలకు ఒక్క అక్షరం రాకపోవడం ఏమిటని అప్పట్లో నాకు తోచనే లేదు.

ఒకరోజు పని ముగించుకుని పుంగనూరు దారిలో ఉన్న మా ఊరికి పోవలసినదాన్ని, వాల్మీకిపురం బస్సెక్కి కూర్చున్నాను. సగం దూరం పోయాక కండక్టరు దింపేశాడు. మర్నాడు ఆ కథ విని రెడ్డెమ్మక్క కడుపు పట్టుకుని నవ్వింది. "ఇట్లయితే ఒగనాడు కాశీలో దిగతావు, ఈడ మేము నీ కోసరం ఎతుకుతాంటాం" అంది. మధ్యాహ్నం సద్ది తిన్నాక, సీసాలో నీళ్లతో వేలు తడుపుకుని షెడ్డు సిమెంటు నేల మీద ఏదో గీసింది.

"ఇది 'పు'. ఆరిపోయేలోపల సూడు."

అలా మొదలైంది. పలకా లేదు, పుస్తకమూ లేదు. ఆమె వేలు, నీళ్ల సీసా, నేల. చలికాలంలో అక్షరం చాలాసేపు నిలిచేది. దాని వంపుల మీద నా వేలు పెట్టి రెండుసార్లు తిప్పేదాన్ని. ఎండాకాలంలో తల చూసేసరికి తోక ఎగిరిపోయేది. మళ్లీ రాసేది. మళ్లీ పోయేది. మళ్లీ రాసేది. విసుక్కున్నట్టు నాకు గుర్తు లేదు. రెండేళ్లు అలా నేర్పింది. బస్సు తల మీద పుంగనూరు అన్న పేరు నేనే చదివి, ఎవరినీ అడగకుండా ఎక్కిన రోజు, కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదువుకుంటూ పోయాను. పక్కనామె నాకు పిచ్చి పట్టిందనుకుని సీటు మారింది.

నన్ను చూసి మునిలక్ష్మి చేరింది. మా మండీలోనే పని. నెల రోజులకు తన పేరులో మొదటి అక్షరం రాయగలిగింది. ఆ రోజు మా అందరికీ టీ ఇప్పించింది. "ఇంగ మూడు అక్షరాలే మిగిలుండాయి, పేరంతా అయిపోతాది" అని ఊరేగింది. ఆమెతో పాటు ఇంకో ఇద్దరు కూడా వచ్చి కూర్చునేవాళ్లు. షెడ్డు నేల మీద నాలుగు తడి అక్షరాలు, వాటి చుట్టూ మేము.

అప్పుడే ఆ ఫోన్ కంపెనీ బండి వచ్చింది.

కొత్త ఫోన్ ఒకటి విడుదల చేశారట. మెడలో కార్డు వేసుకున్న నడివయసు మనిషి, కెమెరా పట్టుకున్న ఇంకో మనిషి. మామూలు జనం కథలు కావాలన్నారు. పెద్దయ్యాక చదువు నేర్చుకున్న ఆడమనిషని మండీలో ఎవరో నన్ను చూపించారు. చేతిలో ఫోన్ పెట్టి నిలబెట్టారు. ఎవరు నేర్పారమ్మా అని అడిగారు.

మొదటిసారి నిజమే చెప్పాను. మా రెడ్డెమ్మక్క, నీళ్లతో నేల మీద రాసి నేర్పింది అన్నాను. చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. ఆ మనిషి, "చాలా బాగుందమ్మా, కానీ ఫోన్ గురించి కూడా రావాలి కదా, ఇంకోసారి చెబుదాం" అన్నాడు. రెండోసారి అక్క పేరూ చెప్పాను, ఫోన్ పేరూ చెప్పాను. ఆయన తల అటూ ఇటూ ఊపాడు. మూడోసారి కెమెరా మళ్లీ నా వైపు తిప్పారు. ఇది చెప్పు అని ఎవరూ అనలేదు. అది నేను ఒప్పుకోవాలి. నేనే చెప్పాను.

ఈ ఫోనే నాకు నేర్పింది.

జనం చప్పట్లు కొట్టారు. షెడ్డు అవతలి కొసన కుళాయి దగ్గర రెడ్డెమ్మక్క క్రేట్లు కడుగుతోంది. నీళ్ల చప్పుడులో ఆమెకేమీ వినబడలేదు. నన్ను కెమెరా ముందు చూసి తడి చెయ్యి ఎత్తి ఊపింది. నేనూ ఊపాను.

ఎందుకు చెప్పాను? ఫోన్ నాకే ఇస్తామన్నారు, దాని మీద ఆశ ఉంది. కానీ అదొక్కటే అయితే ఇంత కాలం లోపల తొలిచేది కాదేమో. మండీలో అన్నేళ్లలో నేను మాట్లాడుతుంటే జనం పనులాపుకుని వినడం అదే మొదటిసారి. నీళ్ల అక్షరాలంటే నవ్వినవాళ్లే ఫోన్ అంటే చప్పట్లు కొట్టారు. నవ్వు వద్దనుకున్నాను. అంతేనా? అంతే. ఎంత వెతికినా ఇంతకంటే గొప్ప కారణం దొరకడం లేదు.

నెల తిరక్కుండా నా మొహం బోర్డుల మీదికెక్కింది. మదనపల్లెలో, పుంగనూరు బస్టాండులో, కుప్పం రైల్వే స్టేషన్ బయట. 'అమ్మకు అక్షరాలు నేర్పిన ఫోన్' అని నా బొమ్మ కింద ఉండేది. ఆ ముక్కలు నేనే చదువుకున్నాను, ఆమె నేర్పిన అక్షరాలతో.

ఫోన్ మాత్రం బాగా అమ్ముడుపోయింది. పుంగనూరులో ఒక ఫోన్ల షాపు ముందు పోతుంటే షాపాయన పిలిచి, "నీ బొమ్మ పెట్టినంక సరుకు నిలవడంలేదమ్మా" అన్నాడు. వాళ్ల తమ్ముడు ఒప్పుకోలేదు. "బొమ్మ జూసి ఎవురు కొంటారు? బ్యాటరీ రెండు దినాలు నిలస్తాది, కింద పడినా పగలదు, అందుకని పోతాండాది" అన్నాడు. వాళ్లు వాదించుకుంటూనే ఉన్నారు. నేను తమ్ముడి మాట పట్టుకుని ఇంటికొచ్చాను. ఏళ్ల తరబడి పట్టుకునే ఉన్నాను. ఫోన్ మంచిదే కదా. నాకిచ్చినది ఇప్పటికీ పని చేస్తోంది. మంచి వస్తువును మంచిదంటే ఎవరికేం నష్టం?

ఆ లెక్కన నా మనసు ఊరుకోవాలి. ఊరుకోలేదు. మా పనిలో పైవరస అని ఒకటుంది. క్రేటు నింపాక, వేలానికి వచ్చినవాళ్ల కంటికి ఆనేలా ఎర్రగా నున్నగా ఉన్న కాయల్ని పైన పేరుస్తాం. అది తప్పని ఎవరూ అనుకోరు, ఆ క్రేటులోని కాయలే కదా. కానీ ఇంకో రైతు క్రేటులోంచి కాయలు తెచ్చి పైన పేర్చిన మనిషిని మళ్లీ ఏ మండీలోనూ పనికి రానివ్వరు. నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ పని చేయలేదని గర్వపడేదాన్ని. ఆ ఫోన్ మంచిదే అయి ఉండవచ్చు. దాని మీద నేను పేర్చిన కాయ మాత్రం రెడ్డెమ్మక్క క్రేటులోది.

ఇంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. దాన్ని ఇక దాటవేయను.

ఒక సాయంత్రం నాకు పుంగనూరులో పనుండి అక్కతోనే వెళ్లాను; బస్టాండులో బస్సు దిగి, ఇద్దరం ఆ బోర్డు కిందే నిలబడ్డాం. రెడ్డెమ్మక్క తలెత్తి ఒక్కొక్క అక్షరమే చదివింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఫోన్ నేర్పిందా నీకు?"

నేను బస్సుల వైపు చూశాను.

"అడిగేది నిన్నేమ్మా."

"నువ్వే కదక్కా మొదలుపెట్టినావు. ఇంటికాడ మా కోడలి ఫోన్ ఉండాది, అదే కంపెనీది. రోజూ దాంట్లో సూసుకుంటాంటి. దాంట్లోనే బాగా వచ్చింది."

"మరి యాల చెప్పలేదు నాకు?"

"నువ్వు బాధపడతావేమోనని."

ఆమె నవ్వింది. నా బస్సు కథ విని నవ్విన నవ్వు కాదు. "బాధేముండాది. నేను నీళ్లతో గీకతాంటే అది ఆరిపోతాంటాది. ఫోనయితే నోరు తెరిచి చెప్పిస్తాది. మునిలక్ష్మోళ్లను గూడా అదే కొనుక్కోమని చెప్తాలే. నా సేతి యేళ్లు గూడా నొస్తాండాయి."

మా కోడలి ఫోన్ నేను ఎన్నడూ ముట్టలేదు.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఒక్క మాట, అక్కా అబద్ధం అని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని ఇంటి దారి పట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. మర్నాటి నుంచి సీసాలో నీళ్లు తాగడానికే అయ్యాయి. షెడ్డు నేల ఎప్పుడూ పొడిగానే ఉండేది.

మునిలక్ష్మి ఆ ఫోన్ కొనింది. వారం రోజులు దాంతో కుస్తీ పట్టింది. అందులో అక్షరాల బొమ్మలు ఉన్నమాట నిజమే. చదువు వచ్చినవాళ్లు పక్కన కూర్చుంటే పనికొస్తాయేమో. ఆమె పక్కన ఎవరూ లేరు. చివరికి పాటలు వినడానికి పెట్టుకుంది. "నీకు పలికింది, నాకు పలకదంట. ఫోన్‌కు గూడా మనిషిని జూసి మర్యాద" అని నన్ను ఆట పట్టించేది. ఒకరోజు మాత్రం ఆటలో లేని గొంతుతో అంది. "నాకే బుర్ర లేదులేమ్మా. నీది వేరే తల."

ఆ మాటకు నేను ఇంకో క్రేటు బోర్లించాను. కాయలు ఏరుతూ ఉండిపోయాను. మిగతా ఇద్దరూ కూడా మానేశారు. మునిలక్ష్మి చెయ్యి 'ము' దగ్గరే ఆగిపోయింది. ఇప్పటికీ బ్యాంకులో వేలిముద్రే వేస్తుంది.

మూడేళ్ల కిందట రెడ్డెమ్మక్క కుప్పంలో నర్సు పని చేస్తున్న కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. పోయిన ఎండాకాలం నేను అక్కడికి వెళ్లాను, చెప్పాలనే. బస్సులో దారి పొడవునా మాటలు కూడబెట్టుకున్నాను. నన్ను చూసి ఆమె మొహం విప్పారింది. పక్కింటి ఆడవాళ్లను పిలిచి, కూతురి ఫోన్లో నా పాత వీడియో పెట్టి చూపించింది. "మా చెల్లెలు. ఒగరు నేర్పకుండానే ఫోన్లో నేర్చుకునింది. ఎంత తెలివో సూడండి" అంది. వాళ్లు వెళ్లాక టీ తెచ్చింది. కడిగి తెచ్చిన గ్లాసు కింద నేల మీద తడి వలయం ఏర్పడింది. ఆమె బిస్కెట్లకని లోపలికి వెళ్లినప్పుడు ఆ తడిలో వేలు ముంచి ఆమె పేరు రాయడం మొదలుపెట్టాను. 'రె' రాశాను, 'డ్డె' రాశాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆమె వచ్చేసరికి అక్కడేమీ లేదు.

ఆమె అయితే మళ్లీ రాసేది. నేను రాయలేదు. టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను. పెన్నుతో. రాసినంత మేరా లోపల కొంచెం చోటు ఏర్పడినట్టుంది, అంతకుమించి ఏదో అయిందని చెప్పను. ఇది రెడ్డెమ్మక్క కంట పడితే చదువుకుంటుంది. ఏమనుకుంటుందో నేను ఊహించను. మునిలక్ష్మి చదవలేదు. అది నా వల్ల. ఆమెకు ఎవరైనా ఇది చదివి వినిపించాలి. ఆ చదివేది నేనే కావాలని తెలుసు. ఇంకా వెళ్లలేదు.

ఆ రోజు మొదటిసారి అడిగినప్పుడు చెప్పిన మాట కెమెరాలో ఉంచలేదు. ఇక్కడ ఉంచుతున్నాను. నాకు అక్షరాలు నేర్పింది పుంగనూరు రెడ్డెమ్మ. నీళ్లతో, నేల మీద, ఆరిపోయిన ప్రతిసారీ మళ్లీ రాసి.