సౌభాగ్య పెట్టిన ఒట్టు

ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్త సౌభాగ్య. దేవసూగూరులో బాలింతలకైనా, దగ్గే ముసలాళ్లకైనా ఆమె చెప్పిందే వేదం.

కరోనా వచ్చిన మొదటి ఏడాది, డాక్టరు ప్రజ్ఞ ఆశాలను కూర్చోబెట్టి, పైనుంచి వచ్చిన వైద్య పద్ధతి చెప్పింది. జ్వరమొస్తే ఇంట్లోనే విడిగా ఉండాలి, ఆయాసం వస్తేనే ఆసుపత్రికి రావాలి. "ఇది ఇప్పటికి తెలిసినంత మటుకే. కొత్త సంగతి తెలిస్తే మారుతుంది. ఆ మాట కూడా చెప్పండి," అంది చివర్లో.

సరిగ్గా ఆ మాటనే సౌభాగ్య మింగేసింది. రేపు మారే మాటను ఇవాళ ఎవరు వింటారు? అసలే ఊళ్లో నోటికొక వైద్యం, కషాయమని ఒకరు, సారా అని ఇంకొకరు. అందుకని గడప గడపలో ఊరి దేవుడి పేరున గట్టిగా చెప్పింది.

"సూగురేశుని మీద ఒట్టు. దమ్మొస్తేనే దవాఖానకు పోవాలె, లేకుంటే ఇంట్లనే ఉండుండ్రి."

ఊరు విన్నది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టే ఊరు కాదది. దేవుడి మీద ఒట్టు తప్పితే, పెట్టినవాళ్ల పిల్లలకు తగులుతుందని నమ్మే ఊరు.

కొన్నాళ్లకే పద్ధతి మారింది. ఆయాసం తెలియకుండానే కొందరికి ఒంట్లో ఆక్సిజన్ పడిపోతోందట. వేలికి పెట్టే మిషన్లో అంకె తగ్గితే, ఆయాసం లేకున్నా ఆసుపత్రికి తేవాలట.

ఆ మిషనుకు మొదట చిక్కింది సౌభాగ్య సొంత అన్న హుసేనప్పే. థర్మల్ ప్లాంటులో బూడిదెత్తే కూలి చేసి చెల్లెల్ని చదివించినవాడు. జ్వరంలోనూ జొన్నరొట్టె తింటూ నవ్వుతున్నాడు. అంకె బాగా తగ్గి ఉండటం చూసి సౌభాగ్య ఫోను తీసింది.

"లే అన్నా, అంబులెన్సు పిలుస్త."

"నాకు దమ్మేడుందే?"

"అప్పుడు చెప్పింది వేరే. గిప్పుడు మారింది."

"దేవుని మీద పెట్టిన ఒట్టు మారుతదా? దమ్ము లేకుండ నేను పోతే నీ ఒట్టు తప్పుతది. నీ ఇంట్ల పిల్లలున్నరు. నేను పోను."

ఆమె అన్న కాళ్లు పట్టుకుంది. తప్పు నాదే, సగం మాట దాచానంది.

"నన్ను తోలేదానికి అబద్దమాడుతున్నవు," అని అతను నవ్వాడు. ప్రేమతో మొండికేసిన మనిషికి మందేముంటుంది?

మర్నాడు ఆయాసం వచ్చింది. అంబులెన్సు రాయచూరు చేరకముందే హుసేనప్ప పోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సౌభాగ్య అప్పుడు మింగేసిన మాటతోనే ఇప్పుడు మొదలుపెడుతోంది. "ఇది ఇయ్యాల తెలిసిన మాట, రేపు మారొచ్చు" అంటే ఒక్కరూ కదలడం లేదు. నిన్న చెన్నవ్వ మొగుడి వేలికి మిషను పెడితే అంకె బాగా కిందికుంది. వెంటనే తీసుకుపొమ్మంది. చెన్నవ్వ మిషను వైపు చూడనైనా లేదు.

"రేపు మారే మాటకు ఇయ్యాల యాడికి తోల్కపోవాలె? ఒట్టు పెట్టి చెప్పు."

ఇంక ఒట్టు పెట్టనని అన్న శవం దగ్గర సౌభాగ్య అనుకుంది. అయినా మంచం మీది మనిషిని చూసి మనసు ఆగలేదు.

"సూగురేశుని మీద ఒట్టు, తోల్కపో."

చెన్నవ్వ తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"గదే ఒట్టు మీ అన్నకు గూడ పెట్టినవు గద," అని, మొగుడి మీద దుప్పటి సర్దింది.