తోడేలు ముట్టని రొట్టె

మొన్న నారాయణఖేడ్‌లో మా చెల్లెలు సుజాత ఇంట్లో పాత ట్రంకు పెట్టె దించితే, అడుగున నా మూడో తరగతి నాటి కథల పుస్తకం దొరికింది. తెరవగానే పాత కాగితం, కలరా ఉండలు కలిసిన వాసన గుప్పుమంది, చప్పున మూసేశాను. ఇంత వయసొచ్చాక పుస్తకానికి భయపడడమేమిటని నవ్వుతారేమో, నవ్వుకోండి.

అందులో ఒక పిల్ల తోడేలుకు రొట్టె పెడుతుంది, అది తోకాడిస్తూ తిని ఆమెకు నేస్తమవుతుంది. బొమ్మలో తోడేలు నవ్వుతూ ఉండేది. మా నానమ్మ మాత్రం చేనులో దాని పేరే ఎత్తనిచ్చేది కాదు, మనిషిని అన్నట్టు "గాయన", అంటే ఆయన, అనేది. గాయన కనబడితే ఉరకొద్దు, వీపు చూపొద్దు, చిన్నదాని చెయ్యి విడవొద్దు అని రోజూ చెప్పేది. చదువురాని ముసలిదానికి ఏం తెలుసులే అనుకునేదాన్ని. పుస్తకంలో ఉన్నది అబద్ధమవుతుందా!

చలికాలం, కంగ్టి దారిలోని మా కందిచేను కాయ పట్టి, ఆ పచ్చివాసన దారిదాకా వచ్చేది. మధ్యాహ్నం నానమ్మకు జొన్నరొట్టెలూ పుంటికూరా మూటగట్టుకుని, నాలుగేళ్ల సుజాత చెయ్యి పట్టుకుని సాళ్ల మధ్య నడుస్తుంటే ఎదురుగా అది నిలబడి ఉంది. బక్కగా, మట్టిరంగులో. నవ్వడం లేదు.

నేను చెల్లెలి చెయ్యి విడిచి, మూట విప్పి, ఒక రొట్టె తీసి చెయ్యి చాచాను. అది రొట్టె వంక చూడనే లేదు, సుజాతను చూసింది. ఒక అడుగు పక్కకు వేసింది, మరో అడుగు వేసింది. నేను రొట్టె ఉన్న చేతిని ఇంకా ముందుకు చాచాను.

నానమ్మ ఎలా పసిగట్టిందో, కొడవలితో ఇత్తడి చెంబును టంగుటంగున కొడుతూ సాళ్లు తోసుకుంటూ వచ్చేసరికి అది కందిలోకి తప్పుకుంది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. సుజాతను చంకనెత్తుకుని ఒక్కటే అడిగింది.

"దాని చెయ్యి ఎందుకిడిసినవే?"

ఇప్పుడా చేనంతా పత్తే. తోడేలు కనబడిందని ఎవరూ అనరు. నానమ్మ పోయింది, ఆ చెంబు ఏమైందో తెలియదు. సుజాతకు ఆ రోజు గుర్తులేదు, నేనూ ఇంతవరకు చెప్పలేదు.

సుజాత మనవరాలు ఆ పుస్తకం చదవమని నా ఒళ్లో చేరింది. రొట్టె బొమ్మ దగ్గర నేను ఆగిపోతే, "అమ్మమ్మా, గది కరుస్తదా?" అంది.

"కరుస్తది బిడ్డా."

పేజీ తిప్పమంది. నువ్వే తిప్పమన్నాను. నా ఒక చేతిలో పుస్తకం ఉంది, రెండో చేతిలో దాని చెయ్యి ఉంది.