ఆవాలు మాట్లాడేటప్పుడు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున అమ్మ ఫోన్ చేసింది. నేను వరంగల్‌లో, నేను పనిచేసే కాలేజీ లైబ్రరీకి దగ్గర్లోని గదిలో ఉన్నాను. ఆ వేళప్పుడు అమ్మ ఫోన్ చేస్తే వెనక మిక్సీ మోత వినిపిస్తుంది. నాలుగు దుకాణాలకు కారం తయారయ్యే సమయం అది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. అమ్మ ఇంకా ఏమీ చెప్పకముందే నాకు అర్థమైంది.

"పెద్దమ్మ పోయిందే," అంది అమ్మ. "టీ అడిగింది. పెట్టి తెచ్చేసరికి కుర్చీలోనే ఉంది. నిద్రపోతోందనుకున్నాను."

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మేము పై అంతస్తులో కిరాయికి ఉంటున్న ఇంటి ఓనరు. మాది గుంటూరు వైపు, ఆమెది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. చిన్నప్పుడు నేను ఆమెను ఆంటీ అని పిలిస్తే, "ఆంటీ గీంటీ ఏంది బిడ్డా, పెద్దమ్మా అను," అంది. అప్పటి నుంచి పెద్దమ్మే.

ఆ ప్రాంతంలో ఆమె పేరు తెలిసినవాళ్ళు తక్కువ, ఆమె నూడుల్స్ తినని వాళ్ళు ఇంకా తక్కువ. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్, నాగోల్, మీర్‌పేట్‌లలో నాలుగు దుకాణాలు. బోర్డు మీద ఉత్త 'ఫాస్ట్ ఫుడ్' అని ఉంటుంది. జనం మాత్రం 'ఆవాల నూడుల్స్' అంటారు. అది ఎలా మొదలైందో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాను. అది ఒక పొరపాటుతో మొదలైంది.

పెద్దమ్మ భర్త, నేను పెదనాన్న అని పిలిచే ఆయన, సిటీ బస్సు డ్రైవరు. ఆయన పోయాక పెద్దమ్మ ఇంటి సందు చివర బండి పెట్టింది. ఉప్మా, సేమ్యా, సాయంత్రం బజ్జీలు. చుట్టూ కోచింగ్ సెంటర్లే కాబట్టి తినేవాళ్ళంతా విద్యార్థులు. వాళ్ళు రోజూ నూడుల్స్ అడిగేవారు. పెద్దమ్మ నూడుల్స్ ఎప్పుడూ తినలేదు. ఒక రోజు కొట్టుకు వెళ్ళి ఒక ప్యాకెట్టు, ఒక సోయా సాస్ సీసా కొనుక్కొచ్చింది. సీసా మూత తీసి వాసన చూసి, మా అమ్మను పిలిచింది.

"చెల్లె, గిదేంది? మా ఆయన బస్సుల పోసే ఆయిల్ లెక్కున్నది. గిది తింటరా?"

అమ్మకూ తెలియదు. ఇద్దరూ కలిసి సీసా గట్టున పెట్టేశారు. ప్యాకెట్టులో ఉన్నది పొడుగు సేమ్యా అని తేల్చుకున్నారు. పెద్దమ్మ దాన్ని సేమ్యా ఉప్మా చేసినట్టే చేసింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు, ఇంత ఉల్లిపాయ. రుచి చూస్తే చప్పగా ఉంది. అమ్మ పైకి వెళ్ళి తన నల్లకారం డబ్బా తెచ్చింది. ధనియాలు, ఎండుమిరప నల్లబడేదాకా వేయించి, చింతపండు, వెల్లుల్లి వేసి దంచే కారం అది. మా అమ్మమ్మ ఇంటి నుంచి వచ్చిన పద్ధతి. ఆ సాయంత్రం మొదటి ప్లేటు తిన్న విద్యార్థి వెంటనే ఇంకో ప్లేటు అడిగాడు. మర్నాడు పదిమందిని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆ సోయా సాస్ సీసా ఇప్పటికీ దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో, దేవుడి పటం పక్కన ఉంది. మూత తీసింది ఆ ఒక్కసారే.

బండి దగ్గర పెద్దమ్మకు ఒక నియమం ఉండేది. నూనెలో ఆవాలు వేశాక, అవి చిటపటలాడడం ఆగేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆమె సరే, బండి ముందు నిలబడ్డవాళ్ళు కూడా. ఎవరైనా నోరు తెరిస్తే ఎడమచేతి చూపుడువేలు పైకెత్తేది. "ముందు ఆవాలు మాట్లాడాలె, తర్వాత మనం," అనేది. ఆ చప్పుడును బట్టే ఆమెకు నూనె కాగిందో లేదో, ఎప్పుడు ఏది వేయాలో తెలిసేది. బండి చుట్టూ ఇరవైమంది గోల చేస్తున్నా, ఆవాలు పడగానే అందరూ టక్కున ఆగిపోయేవారు. అవి ఆగాక ఆమె వేలు దించి, "ఆఁ, ఇప్పుడు చెప్పు," అనేది. ఒక్కసారిగా మళ్ళీ గోల.

నేను నోరు విప్పని పిల్లను. కాన్వెంటులో సిస్టర్ ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా చెయ్యెత్తేదాన్ని కాదు. బడి నుంచి వచ్చాక పుస్తకం పట్టుకుని బండి పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. మాట్లాడకపోవడం నియమంగా ఉన్న చోటు లోకంలో నాకు అదొక్కటే దొరికింది. పెద్దమ్మ నన్ను ఎప్పుడూ "ఏం మాట్లాడవేంది?" అని అడగలేదు. నా చేతిరాత బాగుంటుందని ధరల బోర్డు మాత్రం నాచేత రాయించేది. కోచింగ్ విద్యార్థులను కూడా పరీక్షలు ఎలా రాశారని అడిగేది కాదు. "గా ముచ్చట ఇంట్ల అందరు అడుగుతరు. ఆకలైతుందా అని అడిగేటోళ్ళే ఉండరు," అనేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా తెలంగాణ ఉద్యమం మా వీధిలోకి వచ్చింది. బందులు, ర్యాలీలు, సగం రోజులు బడికి సెలవు. పెద్దమ్మ ప్రతి ర్యాలీకీ వెళ్ళేది. నడవలేకపోయినా వెళ్ళేది. వాళ్ళ ఊరి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఆమె మోకాళ్ళు చిన్న వయసులోనే బిగుసుకుపోయాయి. తెలంగాణ ఎందుకని ఎవరైనా అడిగితే, "నన్నెందుకు అడుగుతవ్, నా మోకాళ్ళను అడుగు," అనేది. అమ్మ ఆ మోకాళ్ళకు నువ్వుల నూనె కాచి ఇచ్చేది. "ర్యాలీకి వెళ్ళేముందు రాసుకో అక్కా," అనేది. మా ఇంట్లో ఉద్యమం అలా ఉండేది.

ఆ రోజుల్లోనే ఎల్బీనగర్‌లో రెండో దుకాణం సిద్ధమవుతోంది. బండి కాదు, షట్టరున్న గది. బోర్డు నేనే రాస్తున్నాను. సగం అయింది.

ఒక సాయంత్రం బండి ముందు నిలబడ్డ ఒకాయన, ప్లేటు కోసం చూస్తూ గట్టిగా అన్నాడు: "పెద్దమ్మా, గీ కారం ఆంధ్రోళ్ళదంట గదా? ఉద్యమం మనది, కారం ఆళ్ళదా?"

పైన బాల్కనీలో అమ్మ బట్టలు తీస్తోంది. ఆమె చేతులు ఆగిపోవడం నేను చూశాను. పెద్దమ్మ ఏమీ అనలేదు. అమ్మ కాసేపు ఎదురుచూసింది. పెద్దమ్మ తల కూడా ఎత్తలేదు. అమ్మ బట్టలు చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పెద్దమ్మ మాట్లాడకపోవడానికి కారణం ఒక్కటే. అప్పుడే ఆవాలు వేసింది. బాల్కనీకి ఆ చిటపట వినపడలేదు, జనం మధ్య లేచిన వేలూ కనపడలేదు.

ఆవాలు ఆగాయి. పెద్దమ్మ వేలు దించింది.

"అయిందా నీ ముచ్చట? ఇగ నాది ఇను. అవ్, ఆంధ్ర కారమే. మా చెల్లె దంచింది. నాకు తెలంగాణ గావాలె, మా చెల్లె గావాలె. రెండూ గావాలంటె తప్పేంది? నీకు కారం వద్దంటె చెప్పు, ఉత్త సేమ్యా పెడ్త."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, ప్లేటు ముందుకు చాపాడు. "నన్నెందుకు ఉపాసం పెడ్తవ్ పెద్దమ్మా, జర ఎక్కువే ఎయ్."

ఇదంతా అమ్మ వినలేదు. నేను విన్నాను. ఇంటికి వెళ్ళి చెప్పలేదు. ఎవరూ అడగలేదు, అడగని జవాబు చెప్పడం నాకు చేతకాదు.

మర్నాడు అమ్మ కారం పంపలేదు. ఆరోగ్యం బాగోలేదంది. ఆ మర్నాడూ అంతే. పెద్దమ్మ తాను ర్యాలీలకు వెళ్తున్నందుకు అమ్మకు కోపం వచ్చిందనుకుంది. "అలగనీ. అలిగితె అలిగింది గని, నేను పోవుడు బందు చెయ్య," అంది నాతో. ఆమె గొంతు మాత్రం గట్టిగా లేదు. ఇంట్లో, బ్యాంకులో పనిచేసే నాన్న గుంటూరు బ్రాంచికి బదిలీ అడుగుతూ ఒక దరఖాస్తు రాసి బల్ల మీద పెట్టారు. "ఇక్కడ మనల్ని ఉండమనేవాళ్ళు ఎవరున్నారు?" అన్నారు. అమ్మ కాదనలేదు. పది రోజులు బండి మీద చప్పటి నూడుల్స్ అమ్ముడుపోక మిగిలిపోయాయి. ఎల్బీనగర్ బోర్డు సగంలోనే ఆగిపోయింది. మేము వెళ్ళిపోతే ఆ దుకాణం తెరుచుకోదని నాకు తెలుసు. ఎందుకు ఆగిందో కూడా తెలిసింది నా ఒక్కదానికే.

ఆ పదో రోజున ఎల్బీనగర్ దగ్గర హైవే మీద వంటావార్పు పెట్టారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినే నిరసన అది. పెద్దమ్మ తన పెద్ద బాణలి, పొయ్యి ఒక ట్రాలీ ఆటోలో వేసుకుని పొద్దున్నే వెళ్ళింది. వెళ్తూ మా మెట్ల వైపు ఒకసారి చూసింది. పైకి రాలేదు. ఆమె మోకాళ్ళకు మెట్లు కష్టం. ఆ రోజు కష్టం మోకాళ్ళది మాత్రమే కాదు.

అమ్మ వంటింట్లో సామాన్లు అట్టపెట్టెలో సర్దుతోంది. నల్లకారం డబ్బా చేతిలోకి తీసుకుంది. పెట్టెలో పెట్టబోయింది.

"పెద్దమ్మ జవాబు చెప్పిందమ్మా," అన్నాను.

"ఏ జవాబు?"

"అప్పుడు ఆవాలు వేసి ఉంది. అవి ఆగాక చెప్పింది."

మొత్తం చెప్పాను. పెద్దమ్మ అన్నది అన్నట్టే, ఆమె యాసలోనే. అంతసేపు నేను మాట్లాడడం మా ఇంట్లో అదే మొదటిసారి. 'ఉత్త సేమ్యా పెడ్త' దగ్గరికి వచ్చేసరికి అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

"పది రోజుల నుంచి చెప్పలేదేంటే మొద్దూ!" అంది. అని, చెప్పులు వేసుకుంది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. డబ్బా అమ్మ చంకన పెట్టుకుంది. ఇద్దరం హైవే మధ్యలో నడుచుకుంటూ వెళ్ళాం. రోజూ దాటడానికి భయపడే రోడ్డు అది. ఆ రోజు దాని మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, ఒకావిడ డివైడరు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. కొత్తపేట దాటాక పొయ్యిల పొగ మొదలైంది. డప్పులు, పాటలు, ఉడుకుతున్న పప్పు వాసన.

జనం మధ్యలో పెద్దమ్మ కనిపించింది. బాణలి ముందు వంగి ఉంది. అమ్మ తోసుకుంటూ వెళ్ళి, "అక్కా," అంది.

పెద్దమ్మ తలెత్తలేదు. ఎడమచేతి వేలు పైకెత్తింది.

అమ్మ ఆగిపోయింది. ఈసారి ఆమెకు ఆవాలు వినిపిస్తున్నాయి. ఇద్దరూ ఎదురెదురుగా, మధ్యలో బాణలి. అమ్మ పెదాలు బిగబట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. చిటపటలు మెల్లగా తగ్గి ఆగాయి. పెద్దమ్మ వేలు దించింది.

"ఆఁ, ఇప్పుడు చెప్పు చెల్లె."

"మూత బిగుసుకుపోయింది," అంది అమ్మ డబ్బా చాపుతూ. "నువ్వే తియ్యి."

పెద్దమ్మ మూత తీసింది. గుప్పెడు కారం బాణలిలో పడింది. ఆ ఘాటుకు చుట్టూ ఉన్నవాళ్ళంతా తుమ్మారు. పెద్దమ్మ కూడా తుమ్మి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, కారం వల్లే అని అందరికీ చెప్పింది. వరసలో మొదట నిలబడ్డది ఆ రోజు బండి దగ్గర అడిగిన ఆయనే. ఆయన రెండు ప్లేట్లు చాపాడు.

నాన్న దరఖాస్తు ఎక్కడికీ వెళ్ళలేదు. కొన్నాళ్ళకు అమ్మ దాన్ని మడిచి కారం డబ్బా అడుగున వేసింది. ఎల్బీనగర్ బోర్డు నేను పూర్తి చేశాను. రాష్ట్రం వచ్చిన రోజు పెద్దమ్మ వీధంతటికీ నూడుల్స్ పెట్టింది. "నీ రాష్ట్రం నీకు వచ్చింది కదక్కా, మరి మా సంగతేంటి?" అని అమ్మ ఏడిపించింది. "ఇల్లు ఖాళీ చేస్తనంటె చెయ్. డబ్బా ఈడ పెట్టి పో," అంది పెద్దమ్మ. మేము ఇప్పటికీ ఖాళీ చేయలేదు. తర్వాత నాగోల్‌లో మెట్రో స్టేషన్ దగ్గర మూడోది, మీర్‌పేట్‌లో నాలుగోది వచ్చాయి. కొత్త వంట మాస్టర్లను పెద్దమ్మే ఎంచేది. దుకాణంలో తన కుర్చీలో కూర్చుని, వాళ్ళ చేతులు కాదు, నోళ్ళు చూసేది. ఆవాలు వేశాక మాట్లాడినవాడికి పని లేదు.

దినాలు అయ్యాక దిల్‌సుఖ్‌నగర్ దుకాణం తెరిచారు. జనం ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదకు వచ్చారు. ఒకప్పటి కోచింగ్ విద్యార్థులు పిల్లలను ఎత్తుకుని వచ్చారు. అందరూ ఒకేసారి ఆమె గురించి చెబుతున్నారు. అమ్మ పొయ్యి వెలిగించి, బాణలి పెట్టి, నూనె కాగాక ఆవాలు వేసింది.

ఎవరూ ఏమీ అనకుండానే అందరూ ఆగిపోయారు. చంకన ఉన్న పిల్లలు కూడా. ఆ రద్దీ రోడ్డు పక్కన ఆవాలు చాలాసేపు మాట్లాడాయి. తర్వాత ఆగాయి.

ఎవరూ కదల్లేదు. ఎవరి కోసం చూస్తున్నారో నాకు తెలుసు. పెద్దమ్మ ఖాళీ కుర్చీ వైపు చూసి, అమ్మ నా వైపు చూసింది.

"ఆఁ, ఇప్పుడు చెప్పండి," అన్నాను. నా గొంతు నాకే వింతగా, గట్టిగా వినిపించింది.

"నాకు రెండు," అన్నారెవరో వెనక నుంచి. ఒక్కసారిగా ప్లేట్లన్నీ లేచాయి.